ఒక్క రూపాయి ట్రయల్ అంటూ టీచింగ్ కిట్ మెసేజ్ వస్తే పిన్ కొట్టకండి

నల్గొండ, మహబూబ్‌నగర్ వైపు హైస్కూళ్లలో పని చేస్తున్న తోటి టీచర్లందరికీ. ఒక డిజిటల్ టీచింగ్ కిట్ నమ్మి నేను 1,999 రూపాయలు పోగొట్టుకున్నాను. అదే మెసేజ్ ఇప్పుడు మా స్కూల్ కాంప్లెక్స్ (చుట్టుపక్కల బడుల టీచర్ల) గ్రూపులో మళ్లీ తిరుగుతోంది. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

నేను దేవరకొండ వైపు ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెప్తాను. జూన్ 12న బడులు తెరుస్తారనగా నాలుగు రోజుల ముందు వాట్సాప్‌లో ఆ మెసేజ్ వచ్చింది. తెలంగాణ టెన్త్ సిలబస్ మొత్తానికి పీపీటీలు, వర్క్‌షీట్లు, వీడియోలు, లెసన్ ప్లాన్లు, ఒక్క రూపాయికే మూడు రోజుల ట్రయల్ అని ఉంది. పంపింది బాగా తెలిసిన సారే, ఆయనకు ఇంకెవరో పంపారట. ఒకపక్క లెసన్ ప్లాన్లు రాసుకోవాలన్న టెన్షన్. రూపాయే కదా అని యూపీఐ పిన్ కొట్టేశాను.

ఆ ఒక్క పిన్‌తో నెలనెలా 999 రూపాయలు కట్ చేసుకోవడానికి ఆటోపే, అంటే డబ్బు దానంతటదే పోయే ఏర్పాటు, కూడా ఒప్పుకున్నట్టయింది. ఇలాంటి ఆటోపేలో 15,000 రూపాయల వరకు ప్రతిసారీ పిన్ అడగరు. డబ్బు పోయే ముందు రోజు మెసేజ్ ఒకటి వస్తుంది, అంతే. నాకూ వచ్చింది. అడ్మిషన్ల పనిలో పడి చూసుకోలేదు. ట్రయల్ అయిపోగానే 999, జూలైలో మళ్లీ 999 పోయాయి. మధ్యలో వాళ్ల యాప్ ఫోన్లోంచి తీసేశాను, ఇక అయిపోయిందనుకున్నాను. యాప్ తీసేస్తే ఆటోపే ఆగదు! యూపీఐ యాప్‌లో ఆటోపే లేదా మ్యాండేట్స్ అనే చోటికి వెళ్లి దాన్ని రద్దు చేయాలి. ఈ ముక్క నాకు జూలైలో గానీ తెలియలేదు.

సరే, పైసలు పోతే పోయాయి, సరుకైనా మంచిదేనా అంటే అదీ కాదు. నాకు అసలు బాధ అక్కడే.

మొదటి పాఠం కాంతి పరావర్తనం. ఆ కిట్‌లోని వర్క్‌షీట్ జిరాక్స్ తీయించి పిల్లలకు ఇచ్చాను. మూడో లెక్కలో కుంభాకార దర్పణం (ఉబ్బెత్తు అద్దం) నాభ్యంతరం, అంటే అద్దం నుంచి నాభికి దూరం, మైనస్ 15 సెంటీమీటర్లు, వస్తువు దర్పణం నుంచి 10 సెంటీమీటర్ల దూరంలో అని ఉంది. పిల్లలు చేస్తే ప్రతిబింబం మూడు రెట్లు పెద్దదని వచ్చింది. కిట్‌లో ఇచ్చిన జవాబు కూడా అదే. అప్పుడు రెండో బెంచీలో కూర్చునే అమ్మాయి లేచి, "మేడం, నాన్న బండి అద్దంల లారీ చిన్నగనే కనిపిస్తది కదా, ఇది పెద్దగెట్ల అయితది?" అని అడిగింది. ఆ పిల్ల అడిగిందే రైటు, బండి అద్దం కూడా కుంభాకార దర్పణమే. కుంభాకార దర్పణానికి నాభి వెనక వైపు ఉంటుంది, కాబట్టి నాభ్యంతరం ప్లస్. ప్లస్ 15 వేసి చేస్తే దర్పణం వెనక 6 సెంటీమీటర్ల దగ్గర, వస్తువులో 0.6 వంతు సైజులో ప్రతిబింబం వస్తుంది. ముందుగా చూసుకోకుండా జిరాక్స్ తీయించడం నా తప్పే. కానీ ఆ అమ్మాయి అడగకపోతే క్లాసంతా అదే తప్పు రాసుకుని ఇంటికి పోయేది.

ఆ రోజు సాయంత్రం కూర్చుని కిట్ మొత్తం తిరగేశాను. సగానికి సగం కేంద్ర సిలబస్ అయిన ఎన్‌సీఈఆర్‌టీ పాఠాలు, మన రాష్ట్ర పుస్తకంలో లేని పేర్లతో ఉన్నాయి. దర్పణాల వీడియో ఒకటి ఎక్కడో చూసినట్టు అనిపించి ఆపి చూశాను. మూలన తెల్ల డబ్బా ఒకటి అతికించారు, దాని పక్కనుంచి పాత లోగో అంచు కనిపిస్తోంది. అది ఫెట్ సిమ్యులేషన్, అంటే తెర మీద మనమే చేసి చూసే ప్రయోగం. అమెరికాలో కొలరాడో యూనివర్సిటీ వాళ్లు 2002 నుంచి ఉచితంగా ఇస్తున్నది. దాన్ని స్క్రీన్ రికార్డు చేసి అమ్ముతున్నారు. అసలుదాంట్లో అయితే పిల్లలే పెన్సిల్‌ను వేలితో దర్పణం దగ్గరికి జరిపి, ప్రతిబింబం ఎప్పుడు తిరగబడుతుందో, ఎప్పుడు పెద్దదవుతుందో చూసుకోవచ్చు. రికార్డింగ్‌లో ఏముంటుంది, ఊరికే చూడటమే. ఇంకో వీడియోలో క్యూఆర్ కోడ్ అలాగే వదిలేశారు. ఫోన్‌తో స్కాన్ చేస్తే నేరుగా దీక్షాలో తెరుచుకుంది. కేంద్రం 2017 నుంచి టీచర్ల కోసం ఉచితంగా నడుపుతున్న వేదిక అది. మన పాఠ్యపుస్తకాల్లో ఉండే క్యూఆర్ కోడ్‌లు కూడా అక్కడికే తీసుకెళ్తాయి. అంటే ప్రతి పిల్లాడి సంచిలో ఉన్నదాన్నే నేను నెలకు 999 పెట్టి కొన్నాను.

ఎవరైనా ఇలాంటి కిట్ చూపిస్తే డబ్బు మాట ఎత్తకముందే ఒక్క పాఠం పూర్తిగా పంపమనండి. మన పుస్తకంలోని పాఠం పేరుతో సరిపోల్చండి. మూలల్లో, అడుగున ఏమైనా కప్పేశారేమో చూడండి. అందులోంచి ఒక వాక్యం తీసి గూగుల్లో వెతికితే చాలాసార్లు అసలు ఇల్లు దొరుకుతుంది. ప్రైమరీ వాళ్లకు కథలు కావాలంటే ప్రథమ్ బుక్స్ వారి స్టోరీవీవర్‌లో తెలుగు కథలు స్థాయిల వారీగా ఉన్నాయి, పీడీఎఫ్ దించుకుని ప్రింట్ తీసుకోవచ్చు. రాసినవాళ్ల పేరు, బొమ్మలు వేసినవాళ్ల పేరు మాత్రం తీసేయకూడదు. పాఠ్యపుస్తకాలు మన రాష్ట్ర ఎస్‌సీఈఆర్‌టీ సైట్‌లో, వీడియో పాఠాలు రాష్ట్ర ప్రభుత్వ చానెల్ టీశాట్‌లో ఉన్నాయి, వాటికీ పైసా కట్టనక్కర్లేదు.

ఇప్పటికే పిన్ కొట్టినవాళ్లు ఉంటే ఈ రోజే ఆటోపే రద్దు చేయండి. మోసం అనిపిస్తే సైబర్ క్రైమ్ నంబర్ 1930కి ఎంత త్వరగా ఫోన్ చేస్తే అంత మంచిది. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. నేను రెండింటికీ చేశాను. మీరే పిన్ కొట్టి ఒప్పుకున్నారు కదా అని బ్యాంకు వాళ్లు అంటున్నారు, డబ్బు ఇంకా రాలేదు. కిట్ అమ్మినవాళ్ల ఫోన్ ఎప్పుడు చేసినా స్విచ్ ఆఫే.

ఫెట్ సిమ్యులేషన్లు ఒకసారి దించుకుంటే నెట్ లేకుండానే నడుస్తాయి, కొన్ని తెలుగులో కూడా ఉన్నాయి. చందంపేట వైపు సిగ్నల్ అందని బడుల వాళ్లకు ఇది బాగా పనికొస్తుంది. టెన్త్ పాఠాలకు సరిపోయేవి ఏరి ఒక పెన్ డ్రైవ్‌లో పెట్టుకున్నాను. వచ్చే కాంప్లెక్స్ మీటింగ్‌కు తెస్తాను, కావాల్సినవాళ్లు కాపీ చేసుకోండి.