కొండదారుల గైడుతో కోనసీమ గట్ల మీద

గోదావరి డెల్టాలో కాలినడకన తిరిగేవారికి ఫోనులో ఆఫ్‌లైన్ గైడు అవసరమేనా? అవసరమే. అయితే కొండల్లో అది చేసే పని వేరు, ఇక్కడ చేయవలసిన పని వేరు. ఆ తేడా తెలియకుండా బయలుదేరినవారు పటం చేతిలో ఉండి కూడా ఏటి ఒడ్డున నిలబడిపోతారు.

మా నడక ధవళేశ్వరం నుంచి అంతర్వేది దాకా, సుమారు వంద కిలోమీటర్లు. తారు రోడ్డును వీలైనంత తప్పించి కాలువగట్లు, ఏటిగట్లు, పుంతల (పొలాల, తోటల మధ్య మట్టిదారుల) వెంట వెళ్ళి, చివరికి సఖినేటిపల్లి రేవులో పంటు (మనుషుల్ని, బండ్లను ఏరు దాటించే పెద్ద పడవ) ఎక్కి నరసాపురం చేరి రైలు పట్టుకోవాలన్నది ఆలోచన. తోడు మా బావ. అంబాజీపేట వైపు పుట్టి పెరిగినవాడు. "ఊరూరా మనుషులుండగా ఆ ఫోను దేనికి బావా?" అని మొదటి రోజే అడిగాడు. అడగవలసిన ప్రశ్నే.

ఫోను గైడు మీద నాకు గురి కుదిరింది హిమాలయాల్లో. దూరపు కొండదారుల కోసం తయారైన గైడుల్లో దారి గీతతో పాటు ఎత్తుపల్లాల చిత్రం, గుడారం వేసుకునే చోట్లు, నీటి ఊటలు వరసగా ఉంటాయి. అమెరికాలో సుమారు 3,500 కిలోమీటర్ల అపలేచియన్ ట్రయల్ నడిచేవారు వాడే ఫార్‌అవుట్ ఈ కోవలో పేరున్నది. వాటిలో అన్నిటికంటే విలువైనది గీత కాదు, ముందు నడిచినవాళ్ళు ప్రతి గుర్తు కింద తేదీతో సహా రాసిపెట్టిన మాట. ఫలానా ఊట ఎండిపోయింది, ఫలానా వాగు మధ్యాహ్నం దాటితే పోటెక్కి ఉంటుంది, ఇలాంటివి. సిగ్నల్ లేని లోయలో ఆ ఒక్క మాట మనిషిని కాపాడుతుంది.

డెల్టాకు అలాంటి గైడు నాకు దొరకలేదు కాబట్టి ఉన్నవాటితో కూర్చుకున్నాను. 2004లో మొదలైన ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ స్వచ్ఛంద కార్యకర్తలు గీసిన పటం. ఆర్గానిక్ మ్యాప్స్, ఓస్మ్‌అండ్ రెండూ దాని మీద నడిచేవే. ఇంట్లో వైఫై ఉండగానే పటం దించుకుని, అనుకున్న దారి గీత ఎక్కించి, రేవులు, లాకులు (కాలువ నీటిమట్టాన్ని సర్దే తలుపులు), సత్రాలు గుర్తులుగా పెట్టుకున్నాను. గూగుల్ మ్యాప్స్‌లోనూ ప్రాంతం దించుకోవచ్చు. కానీ నెట్ లేనప్పుడు అది బండిదారి చెబుతుంది తప్ప నడకదారి చెప్పదు. గట్ల మీద తిరిగేవారికి అది చాలదు.

చాలామందికి ఉన్న అనుమానం ఒకటి ఇక్కడే తీర్చాలి. ఫోను తానెక్కడుందో తెలుసుకునేది ఉపగ్రహాల నుంచి వచ్చే సంకేతాలతో. దానికి సిమ్ కార్డు, డేటా అక్కర్లేదు. ఫ్లైట్ మోడ్‌లో పెట్టినా నీలి చుక్క కదులుతూనే ఉంటుంది. నెట్ సాయం లేనప్పుడు పొద్దున్నే మొదటిసారి చోటు పట్టడానికి కాస్త ఎక్కువ సేపు పడుతుంది, అంతే. కోనసీమలో సిగ్నల్‌కు పెద్ద కరువు లేకపోయినా నేను రోజంతా ఫ్లైట్ మోడ్‌లోనే నడిచాను. బ్యాటరీ సాయంత్రం దాకా నిలిచింది.

ధవళేశ్వరంలో కాటన్ మ్యూజియం చూశాకే బయలుదేరండి. 1847లో మొదలై 1852కి పూర్తయిన ఆనకట్ట, తర్వాతి కాలంలో దాని స్థానంలో వచ్చిన బ్యారేజీ, అక్కడి నుంచి మూడు డెల్టాలకు విడిపోయే కాలువలు మనసులో పడితే ఆ తర్వాత ఫోనులో కనిపించే నీలి గీతలన్నీ అర్థమవుతాయి. బ్యారేజీ నాలుగు భాగాలు. మధ్యలో లంకలు. బొబ్బర్లంక దగ్గర మధ్య డెల్టా కాలువ గట్టు ఎక్కాము.

అక్కడి నుంచి లొల్ల లాకుల దాకా నడక ఈ ప్రయాణంలో అతి హాయైన భాగం. గట్టు మీద నీడ, పక్కన నిండుగా కాలువ, అవతల దాళ్వా (రెండో పంట వరి) నాట్లు పడుతున్న చేలు. లాకుల దగ్గర కాలువ చీలుతుంది. ఒకప్పుడు ఈ కాలువలు పంటకు నీళ్ళతో పాటు సరుకుల పడవలకూ దారి. లాకు గది గోడలు చూస్తే ఆ సంగతి తెలుస్తుంది. ఫోను పటంలో మాత్రం అది ఒక చిన్న అడ్డగీత. ఆగి చూడవలసిన చోటని అది చెప్పదు. నేను అక్కడే ఒక గుర్తు పెట్టి "నీడ ఉంది, అరగంట ఆగాలి" అని రాశాను.

ఆత్రేయపురంలో పూతరేకులు చుట్టే ఇల్లు ఒకటి చూపించమని అడిగితే కాదనలేదు. బోర్లించిన కుండ కింద మంట, దాని వీపు మీద పలుచటి బియ్యప్పిండి నీటిలో ముంచిన గుడ్డ ఒక్కసారి పరిచి లాగుతారు. కన్నార్పేలోగా కాగితం కంటే పలుచటి రేకు లేస్తుంది. 2023లో దీనికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. దారిలో తినడానికి బెల్లంవి కొనుక్కోండి. ర్యాలిలో జగన్మోహినీ కేశవస్వామి విగ్రహం ముందు విష్ణువు, వెనుక మోహిని, ఒకే రాయి. వెనుక వైపు తప్పకుండా చూడాలి. వాడపల్లి వెంకటేశ్వరస్వామి గుడికి శనివారం వెళ్ళకండి. ఏడు శనివారాల మొక్కు తీర్చుకునే భక్తులతో ఆ చుట్టుపక్కల రోడ్లన్నీ కిక్కిరిసి ఉంటాయి.

రావులపాలెంలో బస. హైవే ఊరు కాబట్టి గదులకు, భోజనానికి లోటు లేదు. మేం దిగిన లాడ్జిలో గది శుభ్రంగానే ఉంది, వేడినీళ్ళు వచ్చాయి. కానీ పనిచేసే ప్లగ్గు ఒక్కటే. రెండు ఫోన్లు, ఒక పవర్ బ్యాంకు ఉన్నవాళ్ళకు అది పెద్ద లోపం. ఫోను మీద ఆధారపడి నడిచేవారు గది తీసుకునే ముందు మంచం కంటే ముందు ప్లగ్గులు చూడాలి. మూడు నాలుగు పిన్నులు పట్టే ఎక్స్‌టెన్షన్ బోర్డు సంచిలో ఉంటే ఇంకా మంచిది.

పి.గన్నవరం వైపు గోదావరి పాయ వశిష్ఠ ఏటిగట్టు మీద నడుస్తుండగా బావ ప్రశ్నకు జవాబు దొరికింది. కొబ్బరికాయలు వలుస్తున్న పెద్దాయన ఒకరు మమ్మల్ని ఆపారు.

"ఎందాకా బాబూ?"

"గన్నవరం అక్విడక్టు దాకా అండీ."

"గట్టు మీదే పోకండి. ముందర కోత పడింది. ఇలా పుంతలోకి దిగి, తూము దగ్గర మళ్ళీ గట్టెక్కండి."

ఫోనులో ఆ గట్టు ఎక్కడా తెగని గీత. ఉపగ్రహ చిత్రం చూసి గీసినవారికి ఆ తర్వాత వచ్చిన వరద ఏం చేసిందో తెలియదు. లంకల అంచులైతే ప్రతి వరదకూ మారతాయి. పటంలో నేల అని చూపిన చోట మాకు నీళ్ళు కనిపించాయి. కొబ్బరితోటలు దట్టంగా ఉన్నచోట నీలి చుక్క కూడా కాస్త అటూ ఇటూ పోతుంది. ఒకదానికొకటి దగ్గరగా రెండు పుంతలుంటే మనం ఏ పుంతలో ఉన్నామో తేల్చుకోవడానికి నాలుగడుగులు వేసి చూడాలి. పెద్దాయన మాటను అక్కడికక్కడే గుర్తు కింద తేదీతో రాశాను. మనిషి మాటా, ఫోనూ రెండూ కావాలి. మాట ఎవరు చెప్పారో, ఎప్పుడు చెప్పారో, ఏ తూము దగ్గరో పటం మీద నిలిచిపోతే తర్వాత వచ్చేవారికి అదే గైడు అవుతుంది. బావ ఆ తర్వాత నుంచి తానే అడిగి, తానే నా చేత రాయించాడు.

పి.గన్నవరం అక్విడక్టు దగ్గర సగం పూట ఉన్నాం, ఇంకా ఉండాలనిపించింది. కింద గోదావరి మరో పాయ వైనతేయ, పైన దాన్ని దాటిపోయే కాలువ. ఏరు ఏటిదారిన పోతుంటే, కాలువ దాని నెత్తి మీదుగా అవతలి నేలకు నీళ్ళు మోసుకుపోతుంది. ఫోను తెరమీద రెండు నీలి గీతలు కలవకుండా ఒకదాన్నొకటి కోసుకుపోతాయి. 19వ శతాబ్దం మధ్యలో కట్టిన పాత అక్విడక్టుకు 49 కమానులు. కొత్తదానికి డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. లంకల గన్నవరంలో ఏ వేళ తలుపు తట్టిన బాటసారికైనా అన్నం పెట్టిన తల్లి ఆమె (1841–1909). నడిచి వచ్చినవాళ్ళకు ఆ పేరు చూస్తే కళ్ళు చెమర్చక మానవు.

అప్పనపల్లి బాల బాలాజీ గుడి వైనతేయ ఒడ్డున. సత్రం ఉంది, అన్నదానం ఉంది. పప్పు, కూర, సాంబారు, మజ్జిగ, అన్నీ వేడివేడిగా, వడ్డించేవారిలో విసుగు లేదు. నడిచేవారికి ఈ దారిలో ఇంతకంటే మంచి మజిలీ లేదన్నది నా మాట. దిండిలో వశిష్ఠ ఒడ్డున పర్యాటక శాఖ రిసార్టు, పడవ ఇళ్ళు ఉన్నాయి. కుటుంబంతో కారులో వచ్చేవారికి బాగుంటాయి. సంచి భుజాన వేసుకుని వచ్చినవారికి ఆ ఖర్చు దండగ.

అంతర్వేదిలో దేవస్థానం గదులు మామూలు రోజుల్లో దొరుకుతాయి. మాఘమాసంలో భీష్మ ఏకాదశికి స్వామి కల్యాణం, రథోత్సవం జరిగే రోజుల్లో ఆశ పెట్టుకోకండి. దర్శనం అయ్యాక వశిష్ఠ సముద్రంలో కలిసే అన్నాచెల్లెళ్ళ గట్టు దాకా వెళ్ళాం. ఇసుక తిన్నెలు ఎప్పటికప్పుడు చోటు మారుస్తుంటాయి కాబట్టి అక్కడ ఫోను గీతను కాక జాలర్లనే అడగాలి.

ఇక అసలు విషయం, దాటడం. కొండదారి గైడు ఎత్తులు లెక్కగడుతుంది. ఇక్కడ ఎక్కే ఎత్తంతా ఒక గట్టే. మన రోజును నిర్ణయించేది రేవు. సఖినేటిపల్లి రేవులో పంటు మీదికి ఆటోలు, బైకులు, కొబ్బరి బస్తాలు, పెళ్ళివారు అందరూ ఎక్కారు. పటంలో ఏటి మీద చుక్కల గీత, దాని మీద నీలి చుక్క మెల్లగా జరుగుతూ పోయింది. ఆ చుక్కల గీత ఇక్కడ రేవుందని చెబుతుంది. ఆఖరి పంటు ఎన్నింటికో, వరదకు ఆపేశారో లేదో చెప్పదు. గౌతమి పాయ మీద కోటిపల్లి–ముక్తేశ్వరం రేవు కూడా అంతే. అందుకే రేవుకు చేరే రోజు ముందుగానే ఊళ్ళోవాళ్ళను అడిగి వేళ రాసుకోవాలి. చీకటి పడకముందే ఒడ్డు చేరేలా నడక సర్దుకోవాలి.

వెళ్ళదలచినవారికి నవంబరు నుంచి ఫిబ్రవరి మంచి కాలం. వేసవిలో కాలువలు కట్టేస్తారు. మరమ్మతుల కోసం నీళ్ళాపిన కాలువ పక్కన ఆ ఎండలో నడవడం నరకం. కాలువ నీళ్ళు ఏ కాలంలోనూ తాగకండి. ప్రతి ఊళ్ళోనూ మంచినీళ్ళ ప్లాంటు ఉంది, కొబ్బరిబొండాలకు కొదవ లేదు. జూలై నుంచి సెప్టెంబరు దాకా ధవళేశ్వరం నీటిమట్టం చూడకుండా కదలకండి. అక్కడ 11.75 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది. నీరు పెరిగితే చాకలిపాలెం దగ్గర కనకాయలంక కాజ్‌వే లాంటివి మునిగిపోతాయి. ఫోను మాత్రం వాటిని మామూలు రోడ్లుగానే చూపిస్తూ ఉంటుంది.

మేం రాసుకున్న గుర్తులు, కోత పడిన గట్టుతో సహా, అన్నీ ఒక ఫైలుగా దాచాను. పటంలో తప్పున్న చోట్లను ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో దిద్దడం మొదలుపెట్టాను. రేవులు, లాకులు, సత్రాలు అయ్యాయి. బావ ఇప్పుడు అంబాజీపేట చుట్టుపక్కల పుంతలన్నిటికీ పేర్లు పంపిస్తున్నాడు.