జావా వెబ్ పేజీలో డైరెక్టరీ ట్రీ: జేఎస్‌ట్రీని ఏళ్ల తరబడి వాడిన మీదట

సర్వర్‌లోని పత్రాల ఫోల్డర్లను బ్రౌజర్‌లో ట్రీ రూపంలో చూపించే ఒక జావా అప్లికేషన్‌ను చాలా కాలంగా నిర్వహిస్తున్నాను. అందులో వెనుక ఒక చిన్న సర్వ్‌లెట్ (బ్రౌజర్ అభ్యర్థనలకు సర్వర్‌లో జవాబిచ్చే జావా ప్రోగ్రాం), ముందు జేఎస్‌ట్రీ ఉన్నాయి. జేఎస్‌ట్రీ అనేది జేక్వెరీ అనే జావాస్క్రిప్ట్ లైబ్రరీ మీద నడిచే, ఎంఐటీ లైసెన్సుతో ఉచితంగా లభించే లైబ్రరీ. ఈ రెండింటి కలయికను నేను నిస్సంకోచంగా సిఫార్సు చేస్తాను. కాకపోతే ట్రీని మొత్తంగా కాక, తెరిచిన ఫోల్డర్ మేరకే సర్వర్‌ను అడిగేలా పేజీని కట్టుకోవాలి.

ఇందుకు కావలసిన ఏర్పాటు లైబ్రరీలోనే ఉంది. వాడుకరి ఒక ఫోల్డర్‌ను తెరిచినప్పుడు ఆ నోడ్ (ట్రీలోని ఒక్కో అంశం) ఐడీ సర్వర్‌కు వెళ్తుంది (మూలానికైతే '#' గుర్తు వెళ్తుంది). సర్వ్‌లెట్ ఆ ఒక్క ఫోల్డర్‌లో నేరుగా ఉన్నవాటిని మాత్రమే జేసన్ అనే డేటా రూపంలో తిరిగి ఇస్తుంది. ఉపఫోల్డర్‌కు 'చిల్డ్రన్' విలువను 'ట్రూ' అని పంపితే చాలు, లోపల ఏముందో చూడకుండానే పక్కన బాణం గుర్తు వస్తుంది. దీనివల్ల ఖాళీ ఫోల్డర్‌కు కూడా తెరిచేదాకా బాణం కనిపిస్తుంది. దాన్ని తప్పించాలంటే ప్రతి ఉపఫోల్డర్‌నూ సర్వర్ ముందుగానే తెరిచి చూడవలసి వస్తుంది కనుక, నేను ఆ బాణాన్ని అలాగే ఉండనిచ్చాను.

జావా వైపు పాత 'ఫైల్' తరగతిని వదిలి, 2011లో జావా 7తో వచ్చిన ఎన్ఐఓ.2 అనే కొత్త ఫైల్ ఏపీఐని వాడడం మంచిది. పాత 'లిస్ట్‌ఫైల్స్' పద్ధతి అనుమతి లేకపోయినా, ఇచ్చినది అసలు ఫోల్డరే కాకపోయినా ఒకే విధంగా 'నల్' ఇస్తుంది. వాడుకరికి కారణం చెప్పే దారి ఉండదు. కొత్త ఏపీఐ ఆ రెండు సందర్భాలకూ వేర్వేరు ఎక్సెప్షన్లు (లోపాన్ని తెలిపే ఆబ్జెక్టులు) ఇస్తుంది కనుక 'ఈ ఫోల్డర్ చూడడానికి మీకు అనుమతి లేదు' అని పేజీలో స్పష్టంగా రాయగలిగాను. 2014లో జావా 8తో వచ్చిన 'ఫైల్స్.లిస్ట్' మరింత సులువైనదే కానీ, అది ఇచ్చే స్ట్రీమ్‌ను ట్రై-విత్-రిసోర్సెస్‌లో (పని అయ్యాక దానంతటదే మూసే జావా నిర్మాణంలో) పెట్టి తప్పనిసరిగా మూసివేయాలి; లేకుంటే తెరిచి ఉన్న ఫైల్ డిస్క్రిప్టర్లు (తెరిచిన ఫైళ్లకు ఆపరేటింగ్ సిస్టమ్ ఇచ్చే గుర్తులు) పేరుకుపోయి, రద్దీ ఉన్న సర్వర్ చివరికి కొత్త ఫైళ్లను తెరవలేని స్థితికి చేరుతుంది. పేర్లు ఏ వరుసలో వస్తాయన్న హామీ కూడా లేదు. అందుకే ఫోల్డర్లను ముందు, ఫైళ్లను తరువాత ఉంచి, భాష ప్రకారం అక్షరక్రమం చూసే 'కొలేటర్' తరగతి సాయంతో పేర్లను అమర్చుతున్నాను.

అన్నిటికన్నా ఎక్కువ శ్రద్ధ పెట్టవలసినది భద్రత. నోడ్ ఐడీ బ్రౌజర్ నుంచి వస్తుంది కాబట్టి అందులో ఎవరైనా ఏదైనా రాసి పంపవచ్చు. పై ఫోల్డర్‌కు తీసుకెళ్లే '../' సంగతి చాలామందికి తెలుసు. కానీ పాత్‌లను కలిపే 'రిజాల్వ్' పద్ధతికి సంపూర్ణ పాత్ (డిస్క్ మూలం నుంచి రాసిన పూర్తి చిరునామా) ఇస్తే అది మన మూల ఫోల్డర్‌ను పక్కన పెట్టి ఆ పాత్‌నే తిరిగి ఇస్తుందన్న విషయం అంతగా ప్రచారంలో లేదు. అందువల్ల వచ్చిన పాత్‌ను 'టురియల్‌పాత్'తో అసలు రూపంలోకి మార్చి, సింబాలిక్ లింకులు (మరో చోటికి దారి చూపే ఫైళ్లు) ఎక్కడికి చేరుతున్నాయో కూడా తేలిన తరువాత, అది మూల ఫోల్డర్ లోపలే ఉందో లేదో పరీక్షించాలి. మూల ఫోల్డర్‌ను కూడా అదే పద్ధతితో మార్చి ఉంచుకోవాలి. ఈ పరీక్షను 'పాత్' ఇంటర్‌ఫేస్‌లోని 'స్టార్ట్స్‌విత్'తోనే చేయాలి. స్ట్రింగులను పోల్చితే '/డేటా/పబ్' అనే మూలానికి '/డేటా/పబ్లిక్' కూడా లోపలిదిగానే కనిపిస్తుంది. ఫైలు పేర్లనూ నమ్మకూడదు. లినక్స్‌లో కోణ కుండలీకరణాలతో (< >) పేర్లు పెట్టవచ్చు, జేఎస్‌ట్రీ మామూలుగా నోడ్ పేరును హెచ్‌టీఎంఎల్‌గానే చదువుతుంది. 'ఫోర్స్_టెక్స్ట్' అనే అమరికను 'ట్రూ' చేయకుండా ఈ పేజీని ఎవరి ముందూ పెట్టవద్దు.

తెలుగు పేర్లున్న ఫైళ్లు ఉంటే సర్వర్ లొకేల్‌ను (భాష, ఎన్‌కోడింగ్ అమరికను) కూడా చూసుకోవాలి. జావా 18 నుంచి డిఫాల్ట్ క్యారెక్టర్ సెట్ యూటీఎఫ్-8 అయింది. అయినా లినక్స్‌లో ఫైలు పేర్లను చదివే ఎన్‌కోడింగ్ మాత్రం ఆపరేటింగ్ సిస్టమ్ లొకేల్ మీదే ఆధారపడుతుంది.

జేఎస్ఎఫ్ అనే జావా వెబ్ ఫ్రేమ్‌వర్క్‌లో పనిచేసేవారికి, దాని భాగాల లైబ్రరీ అయిన ప్రైమ్‌ఫేసెస్‌లోని ట్రీ మరింత సహజంగా ఇముడుతుంది, జావాస్క్రిప్ట్ దాదాపు రాయనక్కరలేదు. కానీ అక్కడ నోడ్లు సర్వర్‌లో జావా ఆబ్జెక్టులుగా ఉంటాయి. వాటిని పట్టుకునే బీన్‌ను (జావా ఆబ్జెక్టును) వ్యూ లేదా సెషన్ స్కోప్‌లో, అంటే పేజీ లేదా సెషన్ ఉన్నంతసేపు నిలిచేలా, పెడితే వాడుకరులు పెరిగేకొద్దీ ఆ మెమరీ భారం లెక్కలోకి వస్తుంది. నా సర్వ్‌లెట్ ఏ స్థితినీ దాచుకోదు, అదే నాకు నచ్చిన గుణం.

జేఎస్‌ట్రీకి హద్దులూ ఉన్నాయి. ఒకే ఫోల్డర్‌లో వేల ఫైళ్లుంటే తెరపై కనిపించేవాటితో ఆగకుండా అన్నిటినీ పేజీలో చేరుస్తుంది కనుక బ్రౌజర్ నెమ్మదిస్తుంది; అటువంటి చోట ట్రీలో ఫోల్డర్లను మాత్రమే ఉంచి, ఫైళ్లను పక్కన పేజీలవారీ పట్టికలో చూపించడం మేలు. వెతికే ప్లగిన్ అప్పటికే లోడైన నోడ్లలోనే వెతుకుతుంది. మిగతా చోట్ల కూడా దొరకాలంటే సర్వర్‌లో వెతికి, దొరికిన ఫైలుకు పైనున్న ఫోల్డర్ల ఐడీలన్నీ పంపే మరో సర్వ్‌లెట్ రాయాలి. అప్పుడు లైబ్రరీ ఆ ఫోల్డర్లను తానే లోడ్ చేసుకుని ఫలితాన్ని చూపుతుంది.