రామమూర్తినగర్ శుక్రవారం ఉపవాస ప్రార్థన: శత్రువుల కోసం పెట్టిన కూడికలు ఎలా ఉన్నాయంటే

శత్రువుల గురించి ప్రార్థన అనగానే మన సంఘాల్లో ఎక్కువగా వినబడేది ఒకటే: వాళ్ళ నోళ్ళు మూయించు ప్రభువా, వాళ్ళ ఆలోచనలు తారుమారు చెయ్యి. బెంగళూరులోనే ఇంతకుముందు నేను వెళ్ళిన ఒక చోట ఆ మాటకి ఆమెన్‌లు కప్పు ఎగిరిపోయేలా వచ్చేవి. యెషయా 54:17 (నీ మీదికి లేచిన ఏ ఆయుధమూ వర్ధిల్లదు అన్న వచనం) వాట్సాప్ స్టేటస్‌లో పెట్టుకోని వాళ్ళు మా చుట్టాల్లో లేరు. మన తెలుగువాళ్ళు నడిపే ఈ కూడిక ఆ దారిలో పోవట్లేదు, అందుకే రాస్తున్నాను.

హాలు హార్డ్‌వేర్ షాపు పైన, రెండో అంతస్తు. పదిన్నరకంటారు, పదకొండు దాటితే గానీ మొదలవ్వదు. కీబోర్డు సౌండ్‌కి పక్కవాళ్ళ పాట కూడా వినబడదు. ఇవి ఓర్చుకుంటే ఆ తర్వాత వాక్యం బాగుంటుంది. ఈ నెలంతా శత్రువుల మీదే చెప్తున్నారు.

పాస్టర్ గారిది ఒంగోలు వైపు. ముందు శత్రువుని శపించే 109వ కీర్తన చదివించారు, "వాని బిడ్డలు తండ్రిలేనివారవుదురు గాక" అన్న చోట కూడా దాటెయ్యకుండా. కడుపుమంట ఉంటే దేవుడి ముందు కక్కెయ్యండి, వాడి గుమ్మం ముందు కాదు అన్నారు. తనను చంపాలని తరుముతున్న సౌలు రాజు ఏన్గెదీ గుహలో తన చేతికి చిక్కినా దావీదు అతని బట్ట చెంగు కోసి వదిలేశాడు కదా అని గుర్తు చేశారు. సమరయుల ఊరి మీద ఆకాశం నుంచి అగ్ని రప్పిద్దామన్న యాకోబు, యోహానులను యేసు గద్దించిన సంగతి (లూకా 9) ఆ తర్వాత. నాకు బాగా పట్టింది మాత్రం 35వ కీర్తన 13వ వచనం. తనకు కీడు చేసినవాళ్ళు జబ్బుపడితే దావీదు గోనెపట్ట కట్టుకుని వాళ్ళ కోసం ఉపవాసం ఉన్నాడు. ఇన్నేళ్ళుగా ఉపవాస ప్రార్థనలకి తిరుగుతున్నాను, దీని మీద ఎవరూ మాట్లాడగా వినలేదు.

తర్వాత చీటీలు పంచుతారు. శత్రువు పేరు రాయకూడదు. మీకేం చేశారో కూడా రాయకూడదు. ఆ మనిషికి ఇప్పుడు ఏం అవసరమో ఒక్క వాక్యం రాసి, దాన్ని చేతిలో పట్టుకుని ప్రార్థన చెయ్యాలి. చాలామంది పెన్ను పట్టుకుని అలాగే కూర్చుండిపోయారు. నా పక్కనున్న పెద్దావిడ మాత్రం పైకే మొదలుపెట్టింది: "మా తోడికోడలి మోకాళ్ళ నొప్పులు తగ్గించు తండ్రీ. కానీ ఆ రెండు సెంట్ల జాగా మాత్రం మాకే ఇప్పించు." వెనక వరుసలో ఎవరో కిసుక్కున నవ్వారు. పాస్టర్ గారు నవ్వలేదు. "అలాగే అడగమ్మా, ఆయన దగ్గర దాపరికం ఎందుకు" అన్నారు.

నా చీటీ మా పాత ఇంటి ఓనరుది. పది నెలల అడ్వాన్సులో సగం పైగా పెయింటింగ్ అని నొక్కేశాడు. అతని కోసం ప్రార్థిస్తే ఆ డబ్బు వదిలేసుకున్నట్టేనా అని కూడిక అయ్యాక పాస్టర్ గారిని అడిగాను. "ఎందుకు వదులుకోవాలమ్మా? లాయరు నోటీసు పంపించు, ప్రార్థన కూడా చెయ్యి" అన్నారు. పౌలు కూడా ఫిలిప్పీలో తనను చెరసాలలో వేయించిన అధికారులే వచ్చి బయటికి తీసుకుపోవాలని పట్టుబట్టాడు, తర్వాత రోమా చక్రవర్తి కైసరు దాకా అప్పీలుకి పోయాడు. ఒరిస్సాలో 1999లో భర్తనీ ఇద్దరు కొడుకులనీ సజీవదహనం చేసినవాళ్ళని క్షమించానని గ్లాడిస్ స్టెయిన్స్ చెప్పారు, కేసు మాత్రం కేసులా నడిచింది, 2011లో సుప్రీంకోర్టు ఆ కేసులో ప్రధాన దోషి దారాసింగ్ యావజ్జీవ శిక్షని ఖాయం చేసింది. క్షమాపణ వేరు, లెక్క వేరు అని ఇంత సూటిగా చెప్పే సేవకులు తక్కువ.

ఒక్క విషయంలో మాత్రం అసంతృప్తి. భర్త కొడుతున్నాడని ఒకమ్మాయి మెట్ల దగ్గర ఏడుస్తుంటే పాస్టరమ్మగారు "ముందు ఆ ఇంట్లోంచి బయటికి రా, ప్రార్థన అక్కణ్ణుంచి చేద్దాం" అన్నారు. బంగారం లాంటి మాట. అయితే అది మెట్ల మీద కాదు, మైకులో చెప్పాలి. "శత్రువులను ప్రేమించుడి" అని గంట సేపు విని, ఆ దెబ్బలు భరించడమే వాక్యానుసారం అనుకుని ఇంటికెళ్ళే ఆడవాళ్ళు ఆ హాల్లో ఇంకా ఉంటారు.

సాక్ష్యాలు బాగా సాగదీస్తారు, ఆఫీసుకి సగం రోజు సెలవు పెట్టి వచ్చేవాళ్ళు వాక్యం, చీటీలు అయ్యాక లేచిపోవచ్చు, ఎవరూ ఏమీ అనుకోరు. కానుకల కోసం ఒత్తిడి లేదు. పిల్లలకి వేరే గది ఉంది గానీ ఫ్యాను లేదు. బండి పెట్టుకోవడానికి చోటు దొరకదు, బెన్నిగానహళ్లి మెట్రోలో దిగి ఆటో ఎక్కడమే మేలు. ఉపవాసం విడిచాక టమాటా బాత్, టీ పెడతారు. బాత్ మాత్రం ముందు వచ్చినవాళ్ళకే.