నాలుగేళ్ళుగా వాడుతున్న 45 నిమిషాల డ్రైవాల్ మడ్

డాలస్ దగ్గర ఇల్లు కొన్న మొదటి వేసవిలోనే హాల్లో టీవీ స్టాండు పీకితే గోడకి నాలుగు బొక్కలు తేలాయి, తలుపు పిడి తగిలీ తగిలీ గెస్ట్ రూంలో ఇంకొకటి పడింది. అప్పటి నుంచి పెయింట్‌కి ముందు గోడ సరిచేసే పనంతా నేనే చేసుకుంటున్నాను. ఇక్కడి గోడలు డ్రైవాల్, అంటే రెండు వైపులా కాగితం అంటించిన జిప్సం పలకలు. వాటి బొక్కలు, అతుకులు పూడ్చే ముద్దని మడ్ అంటారు. అందులో నాకు మనసుకి నచ్చిన సరుకు నీళ్ళతో కలుపుకునే పొడి మడ్, ఇక్కడి వాళ్ళు హాట్ మడ్ అంటారు. కంపెనీ కన్నా సంచి మీద నంబర్ ముఖ్యం. 5, 20, 45, 90, 210 అని ఉంటాయి, సుమారుగా అన్ని నిమిషాల్లో గట్టిపడుతుందని అర్థం. నేను ఎప్పుడూ 45 కొంటాను.

డబ్బాలో కలిపి వచ్చే మడ్ ఆరితే గానీ గట్టిపడదు. లోతుగా నింపితే ఒక రోజంతా ఆగాలి, ఆగాక చూస్తే కుంగి మధ్యలో గుంట పడి ఉంటుంది, మళ్ళీ పూసి మళ్ళీ ఆగాలి. శని, ఆదివారాలు తప్ప తీరిక లేని నాకు అలా ఒక్క బొక్కతోనే రెండు మూడు వారాలు గడిచిపోయేవి. ఈ పొడి అయితే నీళ్ళు కలిసిన దగ్గర్నుంచే లోపల్లోపల బిగుసుకుంటుంది, ఆ టైంలో చెయ్యి పెడితే వెచ్చగా తగులుతుంది. కుంగడం చాలా తక్కువ. పొద్దున్నే బొక్క మీద జాలీలాంటి మెష్ టేపు అంటించి ఒక పూత, గంట ఆగి ఇంకొకటి, భోజనాల వేళకి బొక్క ఎక్కడుందో చేత్తో తడిమి చూడాల్సిందే.

రెండేళ్ళ క్రితం మాత్రం ఇదే మడ్ నన్ను ఏడిపించినంత పని చేసింది. మా బెడ్‌రూం సీలింగ్‌లో రెండు పలకలు కలిసే జాయింట్ వెంబడి పొడుగ్గా పగులు వచ్చింది. మొదటి రెండు సార్లు కలిపింది బాగానే వచ్చింది, మూడోసారి నిచ్చెన మీద ఉండగానే, పది నిమిషాలు కూడా కాకముందే, పళ్ళెంలో రాయి అయి కూర్చుంది. సంచి పాతబడిందనుకుని షాపుకెళ్ళి కొత్తది తెచ్చాను. అదీ అంతే! చేతులు నొప్పి, టెన్షన్, సగం పూసిన సీలింగ్. అప్పుడు గుంటూరు నుంచి వచ్చిన నాన్నగారు ఇంట్లోనే ఉన్నారు. బకెట్ వంచి చూసి, "మనింట్లో ఫాల్స్ సీలింగ్ చేసినప్పుడు ఆ పీవోపీ కుర్రాళ్ళు కలిపిన ప్రతిసారీ రబ్బరు గిన్నె నొక్కి పాతదంతా రాల్చి కడిగేవాళ్ళమ్మా, నువ్వు కడగట్లేదు కదా" అన్నారు. నిజమే, బకెట్ అంచులకి పాత పెచ్చులు అలాగే ఉన్నాయి. ఆ పీవోపీ అయినా ఈ పొడి అయినా మూలం జిప్సమే. గట్టిపడిన పాత రేణువు ఒక్కటి కలిసినా కొత్తది దాన్ని పట్టుకుని త్వరత్వరగా బిగుసుకుంటుందట. బకెట్, పళ్ళెం, మడ్ పూసే రేకు పట్టీ శుభ్రంగా కడిగి, చల్లటి నీళ్ళలో పొడి కొద్దికొద్దిగా వేసి కలిపాను, ఈసారి అరగంట పైనే మెత్తగా ఉంది. ఇప్పుడు ప్రతిసారీ కడుగుతాను, అదీ పెరట్లో, వేరే బకెట్‌లో. సింకులో కడిగితే పైపులోనే గట్టిపడుతుంది.

మొదట్లో తెలిసిన వాళ్ళందరికీ మొత్తం దీంతోనే చేసుకోండి అని చెప్పేదాన్ని. ఇప్పుడు అలా చెప్పను. ఆఖరి పూతకి కూడా ఇదే వాడితే గరుకు కాగితంతో రుద్ది నునుపు చేసేసరికి (సాండింగ్) భుజాలు పోతాయి, అందుకే పైపూతకి డబ్బాలో వచ్చే తేలికపాటి మడ్డే వాడుతున్నాను. అంటించిన హుక్కులు పీకినప్పుడు పై కాగితం చిరిగి లోపలి గోధుమరంగు కాగితం బయటపడిన చోట నేరుగా మడ్ పూస్తే అది తడికి బుడగల్లా ఉబ్బుతుంది, వదులుగా ఉన్న అంచులు కోసేసి ముందు తడి లోపలికి ఇంకకుండా ఆపే సీలర్ వేయాలి. పైగా ఇక్కడి చాలా ఇళ్ళలో గోడలకి నారింజ తొక్కలాంటి గరుకు ఉంటుంది, నునుపుగా చేసిన అతుకు ఆ మధ్యలో బట్టతలలా కనపడుతుంది. స్ప్రే డబ్బాతో ఆ గరుకు తెప్పించడం నాకు ఇంకా సరిగ్గా కుదరలేదు, హాల్లో సాయంత్రం ఎండ పక్క నుంచి పడితే ఒక చోట తెలిసిపోతుంది. పెయింట్‌కి ముందు వేసే ప్రైమర్ పూత కూడా మానకూడదు. అది లేకపోతే మడ్ పెయింట్‌ని పీల్చేసి, ఎన్ని కోట్లు వేసినా అక్కడ మెరుపులో తేడా కనపడుతూనే ఉంటుంది.

నాలాగా వారాంతాల్లో ఒకటో రెండో బొక్కలు పూడ్చుకునే వాళ్ళయితే 45 తెచ్చుకోండి, తక్కువ తక్కువగా కలుపుకోండి. మేకు బొక్కలు మాత్రమే ఉన్నా, తొందర లేకపోయినా డబ్బా మడ్ సరిపోతుంది. మొదటిసారి చేసేవాళ్ళకి 90 నయమేమో, నాకు దాంతో అనుభవం లేదు. గ్యారేజ్‌లో సగం సంచి మూత ఉన్న బకెట్‌లో ఉంది, వచ్చే నెల పాప గదికి రంగు వేయాలి, అందులో కొంచెం ముందుగా కలిపి చూసి, సరిగ్గా ఉంటేనే గోడకి వాడతాను.