పరీక్షల టెన్షన్‌కి 14416: టెలి మానస్ నాకు ఎలా పనికొచ్చిందంటే

హాస్టల్లో ఉండి చదువుకుంటూ, సెమిస్టర్ పరీక్షల ముందు నిద్ర పట్టక అవస్థ పడేవాళ్ళకి నేను గట్టిగా చెప్పే సర్వీసు టెలి మానస్, అంటే మనసు బాగోలేనప్పుడు ఫోన్లో కౌన్సెలర్‌తో మాట్లాడే హెల్ప్‌లైన్. నంబరు 14416. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న, ప్రపంచ మానసిక ఆరోగ్య దినోత్సవం నాడు దీన్ని మొదలుపెట్టింది. బెంగళూరులోని నిమ్హాన్స్ అనే జాతీయ మానసిక వైద్య సంస్థ దీనికి ప్రధాన కేంద్రం. పైసా ఖర్చు లేదు, పగలూ రాత్రీ ఎప్పుడైనా చేయొచ్చు, తెలుగుతో కలిపి 20 భాషల్లో మాట్లాడొచ్చు. ఇదంతా పోస్టర్ల మీద ఉంటుంది. ఫోన్ కలిశాక అవతలివాళ్ళు ఏం అడుగుతారో మాత్రం ఉండదు. ఆ భయంతోనే మా హాస్టల్లో చాలామంది ఆ నంబరు జోలికి పోరు.

నేను గుంటూరు దగ్గర ఒక ఇంజినీరింగ్ కాలేజీలో ఈసీఈ (ఎలక్ట్రానిక్స్) చదువుతున్నాను. ఫోన్ చేసే నాటికి సిగ్నల్స్ అండ్ సిస్టమ్స్ అనే సబ్జెక్టు పోయి, దాని సప్లీ (మళ్ళీ రాయాల్సిన పరీక్ష) ఇంకా మెడకి చుట్టుకునే ఉంది. జ్వరం వచ్చి క్లాసులు పోవడంతో అటెండెన్స్ 75 శాతం దాటలేదు. 65కీ 75కీ మధ్య ఉంటే మెడికల్ సర్టిఫికెట్ పెట్టి కండొనేషన్ ఫీజు కట్టి గట్టెక్కొచ్చు, 65 కంటే కిందికి పోతే డిటెయిన్, అంటే పరీక్షలు రాయనివ్వకుండా ఆపేస్తారు. బ్యాక్‌లాగ్ ఉన్నవాళ్ళని చాలా కంపెనీలు ప్లేస్‌మెంట్‌లో కూర్చోనివ్వవు. ఇంటి దగ్గర నాన్నది మిర్చి సాగు. అది 2025 మొదట్లో యార్డులో ధర పడిపోయి, కేంద్రం మార్కెట్ జోక్య పథకం కింద క్వింటాకి 11,781 రూపాయలు ప్రకటించిన సమయం. కౌలు, కూలి, పురుగుమందుల అప్పు లెక్కేసుకుంటే ఆ ధర ఏ మూలకీ రాదు. నాన్న ఫోన్లో ఏమీ అనరు. కానీ ఫీజు మాట వచ్చేసరికి ఒక్క క్షణం ఆగేవారు. ఆ ఆగడమే నన్ను రాత్రంతా మేలుకోబెట్టేది.

మా కాలేజీలో కౌన్సెలింగ్ రూమ్ అని బోర్డు ఉంది, తలుపుకి తాళం ఉంది. ఒక ప్రైవేటు యాప్‌లో చూస్తే అంతా ఇంగ్లీషు, పైగా గంటకి వాళ్ళు అడిగే డబ్బుతో నా మెస్ బిల్లు సగం వెళ్ళిపోతుంది. పక్క రూమ్‌లో ఉండే సీనియర్ అక్క 14416 గురించి చెప్పింది.

నంబరు కలపగానే భాష ఎంచుకోమని రికార్డు గొంతు చెప్తుంది. తర్వాత ఒక మేడమ్ లైన్లోకి వచ్చారు. పేరు, వయసు, ఊరు అడిగి, ఇష్టం లేనివి చెప్పక్కర్లేదన్నారు. నిద్ర ఎలా ఉంది, తిండి ఎలా ఉంది, ఎవరితోనైనా మాట్లాడుతున్నారా అని అడుగుతూ పోయి, అదే గొంతుతో "చచ్చిపోవాలన్న ఆలోచన ఎప్పుడైనా వస్తోందా అమ్మా?" అన్నారు. "అలా కాదు మేడమ్, ఎక్కడికైనా వెళ్ళిపోవాలనిపిస్తోంది" అన్నాను. ఆవిడ కంగారు పడలేదు, "అలా అనుకోకూడదు" అని నోరు మూయించలేదు. వెళ్ళిపోవాలని ఎప్పుడెప్పుడు అనిపిస్తుందో చెప్పించుకున్నారు. ఇంట్లో గానీ స్నేహితుల్లో గానీ ఆ ప్రశ్న అంత తిన్నగా నన్ను అడిగినవాళ్ళు లేరు. అడగడం వల్ల భయం పెరగలేదు, తగ్గింది. ఈ సర్వీసులో నాకు అన్నిటికంటే విలువైనది ఇదే.

తర్వాత నన్ను బాధపెడుతున్నవి ఒక్కొక్కటీ కాగితం మీద రాయమన్నారు. ఈ వారంలో నేను చేయగలిగినవి ఒక పక్క, నా చేతిలో లేనివి ఇంకో పక్క. సప్లీ, మెడికల్ సర్టిఫికెట్ మొదటి పక్కకి వచ్చాయి. మిర్చి ధర రెండో పక్కకి పోయింది. "మీ నాన్నగారి కష్టం మీకు పట్టకూడదని నేను అనను. కానీ మీరు మేలుకుని ఉంటే యార్డులో ధర పెరగదు కదమ్మా" అన్నారు. అమ్మ ఇదే మాట అంటే నాకు కోపం వచ్చేది. ఆవిడ అంటే ఏడుపొచ్చింది, ఆ తర్వాత కొంచెం తేలికపడ్డాను.

నిద్రకి చెప్పినవి మామూలువే. సాయంత్రం తర్వాత టీ వద్దు, మంచం మీద చదవొద్దు, నిద్ర రాకపోతే దొర్లకుండా లేచి కూర్చోవాలి, ఎంత ఆలస్యంగా పడుకున్నా ఒకే టైముకి లేవాలి. హాస్టల్లో మంచం తప్ప వేరే చోటు లేదన్నాను. అయితే స్టడీ హాల్‌కి పొమ్మన్నారు, మంచాన్ని పడుకోవడానికే వదిలేయమన్నారు. నాలుగు అంకెలు లెక్కపెడుతూ గాలి పీల్చి, ఆరు లెక్కపెడుతూ మెల్లగా వదలడం ఫోన్లోనే చేయించారు. టీ మానడం నాకు చాలా కష్టమైంది. అన్నిటికంటే ఎక్కువ పనిచేసింది మాత్రం ఒకే టైముకి లేవడం.

ఇక్కడ దొరకనివి కూడా చెప్పాలి. మార్కులు వస్తాయని ఎవరూ హామీ ఇవ్వరు. ఇది హెల్ప్‌లైన్ కాబట్టి ప్రతిసారీ ఒకే మనిషి లైన్లోకి వస్తారని అనుకోకండి, మొదటి కాల్‌లో చెప్పినవి రాసి పెట్టుకుంటే రెండోసారి సులువు. కౌన్సెలర్ మందులు రాయరు. అవసరమైతే సైకియాట్రిస్టుతో మాట్లాడిస్తారు, లేదా దగ్గర్లోని ప్రభుత్వాసుపత్రికి వెళ్ళమంటారు. నాకైతే నిద్ర అలాగే ఉంటే గుంటూరు జీజీహెచ్ (పెద్ద ప్రభుత్వాసుపత్రి)లో సైకియాట్రీ ఓపీకి వెళ్ళమన్నారు. ఆ అవసరం రాలేదు కానీ, వెళ్ళాల్సి వస్తే వెళ్ళేదాన్నే. ప్రాణం మీదికి వచ్చిన పరిస్థితి అయితే వెంటనే 108కి చేయాలి.

ఇంట్లో తెలిసిపోతుందేమో అని భయపడేవాళ్ళకి ఒక మాట. మానసిక వైద్యం వివరాలు గోప్యంగా ఉంచుకునే హక్కు మనకి 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఇచ్చింది. అసలు చిక్కు పక్క మంచం వాళ్ళు వినడమే. నేను మేడ మీదికి వెళ్ళి మాట్లాడాను. పెన్నూ కాగితం తీసుకెళ్ళండి, చార్జింగ్ చూసుకోండి. 14416 కలవకపోతే 1800-891-4416కి చేయొచ్చు.

హాల్ టికెట్ వెనకాల ఈ నంబరు అచ్చు వేయించమని మా క్లాసు వాళ్ళం ప్రిన్సిపాల్ గారికి అర్జీ ఇచ్చాం. జవాబు ఇంకా రాలేదు, వచ్చే సెమిస్టర్ నోటిఫికేషన్ లోపు మళ్ళీ వెళ్ళి అడుగుతాం.