తిండి పండగల కోసం ఊళ్లు తిరిగితే: బసవనగుడి, ఫుకెట్, బున్యోల్

బెంగళూరులో ఉంటూ తిండి పండగల కోసం విమానం టికెట్లు వెతుకుతున్నవాళ్లకు ముందుగా ఒక మాట. కార్తీకమాసం ఆఖరి సోమవారం బసవనగుడిలో జరిగే కడలెకాయి పరిషె, అంటే చెనక్కాయల (వేరుశనగ) జాతర, చూడకుండా ఇంకే దేశానికీ వెళ్లకండి. థాయ్‌లాండ్, స్పెయిన్ చూసొచ్చాక కూడా నా మాట మారలేదు.

ఆ రోజు బుల్ టెంపుల్ రోడ్డు పొడవునా రెండు పక్కలా చెనక్కాయల రాశులు పోసుకుని కూర్చుంటారు. పచ్చివి, ఉడకబెట్టినవి, వేయించినవి, రెండు గింజలవి, మూడు గింజలవి, ఏది అడిగితే అది సేరుతో కొలిచి సంచిలో పోస్తారు. అమ్మేవాళ్లలో కోలారు, చింతామణి వైపు వాళ్లతో పాటు మన చిత్తూరు, అనంతపురం నుంచి వచ్చినవాళ్లు బోలెడుమంది ఉంటారు కాబట్టి కన్నడం రానివాళ్లు కూడా హాయిగా తెలుగులోనే బేరమాడుకోవచ్చు. కథ ఏమిటంటే సుంకేనహళ్లి, గుట్టహళ్లి, మావళ్లి, దాసరహళ్లి రైతుల చెనక్కాయ పంటను ఒక ఎద్దు వచ్చి మేసిపోయేదట, దాన్ని శాంతింపజేయడానికి తొలి పంట బసవన్నకే ఇస్తామని వాళ్లు మొక్కుకున్నారట, ఆ బసవన్న గుడి 16వ శతాబ్దంలో కెంపేగౌడ కట్టించాడని చెబుతారు. ఆ పొలాలన్నీ సిటీలో కలిసిపోయాయి. మొక్కు మాత్రం ఆగలేదు, ఎక్కడెక్కడి రైతులో వచ్చి తీరుస్తూనే ఉన్నారు, ఈ పండగలో నాకు అన్నిటికన్నా నచ్చేది అదే.

బయటి ఊళ్ల నుంచి వచ్చేవాళ్లు బసవనగుడిలోనే గది కావాలని పట్టుబట్టక్కర్లేదు. గ్రీన్ లైన్ మెట్రో మీద ఎక్కడ దిగినా నేషనల్ కాలేజీ స్టేషన్‌కు వచ్చి అక్కణ్ణుంచి నడిచి వెళ్లిపోవచ్చు. మెజెస్టిక్ దగ్గర అద్దె తక్కువే గానీ రాత్రంతా బస్సుల మోత, పెద్దవాళ్లుంటే జయనగర్ వైపు చూసుకోండి. గుడి రోడ్డు మీదకి బళ్లు రానివ్వరు, క్యాబ్ వేసుకుంటే ఎక్కడో దూరంగా దించేస్తాడు. సోమవారం సాయంత్రం చిన్నపిల్లల్ని తీసుకెళ్లడం మంచిది కాదు, కాలు పెట్టే చోటుండదు. ఈమధ్య పరిషెను ముందూ వెనకా రోజులకు పొడిగిస్తున్నారు కాబట్టి ఆదివారం గానీ, సోమవారం పొద్దున్నే గానీ వెళ్లి, దొడ్డ గణపతికి దండం పెట్టుకుని, గాంధీ బజార్‌లో 1943 నుంచి నడుస్తున్న విద్యార్థి భవన్‌లో దోశె తింటే ఆ పూట ఇంకేమీ అక్కర్లేదు. గుడ్డ సంచి మర్చిపోవద్దు. టాయిలెట్లు మాత్రం అంత జనానికి ఏ మూలకూ చాలవు, ఆడవాళ్లకు నిజంగా కష్టం, దీని గురించి పట్టించుకోవాల్సినవాళ్లు పట్టించుకోవాలి.

చలికాలంలో జరిగే అవరెబేళె మేళా కూడా చెప్పుకోవాలి. మన వైపు అనపకాయలు అంటామే, అవే. వి.వి.పురంలో మొదలై ఇప్పుడు నేషనల్ కాలేజీ మైదానంలో పెడుతున్నారు. పితికిపప్పు పులుసు తిని పెరిగినవాళ్లకు అక్కడ అదే పప్పుతో దోశె, అక్కి రొట్టి, జిలేబీ, పాయసం కూడా చేసి పెడుతుంటే చూడ్డానికే ముచ్చటేస్తుంది. జిలేబీ ఒకటి చాలు, రొట్టి మాత్రం రెండోది అడిగి తినండి.

ఇక థాయ్‌లాండ్‌లోని ఫుకెట్ శాకాహార పండగ. నన్నడిగితే శాకాహారులైన తెలుగువాళ్లు డబ్బు పెట్టి వెళ్లాల్సిన తిండి పండగ ఇదొక్కటే. చైనా పంచాంగంలో తొమ్మిదో నెల మొదటి తొమ్మిది రోజులు ఆ ఊళ్లోని చైనా సంతతివాళ్లు మాంసం, గుడ్లు, పాలే కాదు, ఉల్లి, వెల్లుల్లి కూడా ముట్టరు. 1825లో కతు అనే గనుల ఊరికి వచ్చిన ఒక చైనా నాటక బృందానికి జబ్బు చేస్తే, ఇలా నియమంగా ఉండి పూజలు చేశాక నయమైందని, అప్పటి నుంచి ఇది నడుస్తోందని అక్కడివాళ్లు చెబుతారు. మనకు విశేషమేమిటంటే చాలా ఏళ్లలో ఇది సరిగ్గా మన శరన్నవరాత్రులప్పుడే వస్తుంది. 2022, 2023, 2024ల్లో రెండూ ఒకేసారి మొదలయ్యాయి, 2025లో వాళ్లకు అధికమాసం రావడంతో అక్టోబరు చివరికి జరిగింది. అందుకని టికెట్లు కొనేముందు తేదీలు సరిచూసుకోండి, దసరా సెలవులతో కలిస్తే పిల్లల్ని కూడా తీసుకెళ్లొచ్చు.

మేం అలా కలిసిన ఏడాదే వెళ్లాం. మా అమ్మ నవరాత్రుల్లో ఉల్లి, వెల్లుల్లి తినదు, పరాయి దేశంలో ఏం తింటాను నాయనా అని బయల్దేరేదాకా టెన్షన్ పడింది, అటుకులు, పొడులు, పచ్చళ్లు ఒక బ్యాగు నిండా సర్దింది. నిజానికి మామూలు రోజుల్లో థాయ్‌లాండ్‌లో ఆవిడ భయం న్యాయమే, ఒట్టి కూరగాయల వేపుడు అడిగినా అందులో చేపల సాస్ పోసేస్తారు. ఈ తొమ్మిది రోజులు మాత్రం పసుపు జెండా మీద ఎర్ర అక్షరాలున్న ఏ బండి దగ్గరైనా నిశ్చింతగా తినొచ్చు. రనోంగ్ రోడ్డులో జుయ్ తుయ్ గుడి ముందు సాయంత్రం వరసగా బళ్లు పెడతారు. చామదుంప బజ్జీలు, వేయించిన టోఫు, పుట్టగొడుగుల సూప్, నూడుల్స్, కొబ్బరిపాల కూరలు, ఓఎవ్ అని ఐసు తురుము కింద జెల్లీ వేసిచ్చే ఫుకెట్ స్వీటు. సోయాతో, గోధుమ జిగురుతో బాతు మాంసంలా, చేపలా తయారుచేసినవి కూడా ఉంటాయి, అమ్మ వాటి జోలికి పోలేదు, నాకూ అంతగా నచ్చలేదు. చామదుంప బజ్జీలకు మాత్రం అమ్మే ముందు నడిచేది. అటుకుల బ్యాగు అలాగే తిరిగొచ్చింది.

బస విషయంలో ఒకటే సలహా. పటోంగ్ బీచ్ దగ్గర హోటళ్లు ఆకర్షణీయంగా కనిపిస్తాయి గానీ ఈ పండగకు అది తప్పు చోటు, ఊరేగింపులు పాత ఫుకెట్ టౌన్‌లో పొద్దున్నే ఏడు గంటల ప్రాంతంలో మొదలవుతాయి, అంత దూరం నుంచి వచ్చేసరికి అయిపోతాయి. మేం పాత టౌన్‌లో రంగురంగుల పెంకుటిళ్ల వీధిలో ఒక చిన్న గెస్ట్‌హౌస్‌లో దిగాం. లిఫ్టు లేదు, మెట్లు నిటారుగా ఉన్నాయి, అమ్మకు కింది గది ఇమ్మని ముందే రాయడం మంచిదైంది. నడిపే ఆవిడ రోజూ రాత్రి మర్నాటి ఊరేగింపు ఏ వీధిలో వెళ్తుందో కాగితం మీద గీసిచ్చేది. అలాంటి సాయం పెద్ద హోటల్లో దొరకదు.

ఊరేగింపులో దేవుడు పూనినవాళ్లు బుగ్గల గుండా శూలాలు గుచ్చుకుని నడుస్తారు. ఆడికృత్తికకు తిరుత్తణిలో శూలాలు గుచ్చుకునేవాళ్లను చూసినవాళ్లకు కొత్తేం కాదు, కానీ చిన్నపిల్లలు జడుసుకోవచ్చు. టపాకాయలు ఒళ్లో పడేంత దగ్గరగా పేలుతాయి, చెవుల్లో దూది, ముక్కుకు మాస్కు, కళ్లద్దాలు తప్పనిసరి. తెల్లబట్టలు వేసుకుంటే గుళ్లో మర్యాదగా ఉంటుంది.

స్పెయిన్‌లోని బున్యోల్ టమాటా పండగకు బావతో, ఆయన ఆఫీసు వాళ్లతో వెళ్లాను. ఆగస్టు ఆఖరి బుధవారం, 1945లో వీధిలో కుర్రాళ్ల కొట్లాటగా మొదలై ఇప్పుడు ప్రపంచమంతా తెలిసిన పండగ. పదివేల లోపు జనాభా ఉన్న ఊరికి ఇరవై వేలమంది దాకా వస్తారు, 2013 నుంచి టికెట్ పెట్టింది అందుకే. లారీల్లో వందకు పైగా టన్నుల పండ్లు వస్తాయి, ఒక్క గంట కొట్టుకుంటారు, విసిరే ముందు పండును చేత్తో నలపాలి, రెండో సిగ్నల్ టపాకాయ పేలితే ఆపేయాలి. అంతే, నియమాలు చాలా పద్ధతిగా పాటిస్తారు. తర్వాత ఊరివాళ్లు గొట్టాలతో నీళ్లు కొట్టి మనల్ని కడుగుతారు, అక్కడి ముసలమ్మలు నవ్వుతూ నీళ్లు పోస్తుంటే నాకు మా ఊరి వసంతోత్సవం గుర్తొచ్చింది.

సరదాగా ఉంది, ఒప్పుకుంటాను. కానీ ఇది తిండి పండగ కాదు. ఆ టమాటాలు దూరాన ఎక్స్‌ట్రెమదురా నుంచి తెచ్చినవి, తినడానికి పనికిరానివే తెస్తామని చెబుతారు, అయినా టమాటా రేటు పడిపోయి మదనపల్లె రైతు రోడ్డు మీద పారబోసి ఏడవడం చూసిన కళ్లతో ఆ గంట నాకు పూర్తిగా హాయిగా గడవలేదు. బావ మాత్రం మళ్లీ వెళ్దామంటున్నాడు. వెళ్లేవాళ్లు నలభై కిలోమీటర్ల దూరంలో ఉన్న వాలెన్సియాలో దిగండి, బున్యోల్‌లో గదులు దొరకవు. 2024 అక్టోబరు వరదల్లో అక్కడి రైలు మార్గం బాగా దెబ్బతింది, రైలా బస్సా అన్నది ముందే తేల్చుకోవాలి. టికెట్‌తో బస్సు కలిపి ఇచ్చే ప్యాకేజీలో మేం వెళ్లాం, తిరుగు ప్రయాణంలో తడిబట్టలతో ఎండలో చాలాసేపు నిలబెట్టారు, మంచినీళ్లు కూడా ఇవ్వలేదు. పాతబట్టలు, మూసి ఉన్న బూట్లు, ఈతకళ్లద్దాలు వేసుకోండి. తిండి సంగతి వాలెన్సియాలోనే. సెంట్రల్ మార్కెట్ ఒక పూట తిరగండి, మన తుంగ జాతి గడ్డల పాలతో చేసే ఒర్చాతా తాగండి, పాలూ గుడ్డూ లేని తియ్యటి చల్లటి పానీయం, మండుటెండలో ప్రాణం లేచొస్తుంది.

ఇంకా చూడాల్సింది మెక్సికోలోని ఒహాకా ముల్లంగి రాత్రి. 1897 నుంచి ఏటా డిసెంబరు 23న పెద్ద పెద్ద ముల్లంగులను బొమ్మలుగా చెక్కి ఊరి చౌక్‌లో పెడతారు, కొన్ని గంటల్లో అవి వాడిపోతాయి కాబట్టి ఆ ఒక్క రాత్రే చూడాలి. అమెరికా వీసా చెల్లుబాటులో ఉన్నవాళ్లకు మెక్సికోకు వేరే వీసా అక్కర్లేదు, పిల్లల దగ్గరికి డాలస్, హ్యూస్టన్ వెళ్లే అమ్మానాన్నలు కాస్త ముందుగా ప్లాన్ చేసుకుంటే కలిసొస్తుంది. మా చెల్లెలు వాళ్లూ మేమూ అలాగే అనుకుంటున్నాం, చౌక్‌కు నడిచే దూరంలో, కింది అంతస్తులో అమ్మకొక గది చూడమని తనకు ఇప్పుడే చెప్పాను.