టీచర్ డైరీయా, పోర్ట్‌ఫోలియోనా: మన పాఠాన్ని మనం చూసుకోవడానికి ఏది మేలు?

నా ఫైల్లో మొదటి కాగితం ఆరో తరగతి అబ్బాయి లెక్కల నోటుబుక్కులోని ఒక పేజీ జెరాక్స్. 1/2 + 1/3 = 2/5 అని గుండ్రటి అంకెలతో రాసి, జవాబు కింద స్కేలు పెట్టి రెండు గీతలు గీశాడు. దాని మీద నా ఎర్ర ఇంకు ఇంటూ ఉంది. ఆ ఇంటూ పక్కన నేను ఒక్క ముక్క కూడా రాయలేదు.

అదే రోజు నా టీచర్ డైరీలో ఏముందో తీసి చూశాను. "భిన్నాల కూడిక పూర్తయింది. పిల్లలు బాగా స్పందించారు."

రెండూ నావే, రెండూ ఒకే రోజువి. డైరీ మేలా, పోర్ట్‌ఫోలియో (పాఠం ఎలా సాగిందో చూపే కాగితాలు ఏరి పెట్టుకునే ఫైలు) మేలా అని తోటి టీచర్లు అడిగినప్పుడల్లా నాకు ముందు ఈ రెండు కాగితాలే గుర్తొస్తాయి.

నేను తిరుపతిలో ఉంటూ నగరి దగ్గర ఒక హైస్కూల్లో లెక్కలు చెబుతున్నాను. రానూపోనూ మూడు గంటలు బస్సులోనే గడుస్తాయి. డైరీ అలవాటైంది అక్కడే. డైరీకి ఐదు నిమిషాలు చాలు. ఏ పిల్ల ఏ ప్రశ్న అడిగిందో, ఎక్కడ క్లాసు చేజారిందో వేడి మీద రాసుకోవచ్చు. డొనాల్డ్ షాన్ అనే అమెరికా ఆచార్యుడు 1983లో ఒక తేడా చెప్పాడు: పని చేస్తూ చేస్తూ అక్కడికక్కడే ఆలోచించి సర్దుకోవడం ఒకటి, పనైపోయాక వెనక్కి తిరిగి ఆలోచించడం ఇంకొకటి. మొదటిది పాఠం మధ్యలో జరిగిపోతుంది, నిలవదు. దాని జాడ కొంతైనా మిగలాలంటే ఆ సాయంత్రమే రాసుకోవాలి. అందుకు డైరీని మించింది లేదు.

కానీ డైరీలో నా మాటే ఉంటుంది. "బాగా స్పందించారు" అన్నది నిజమో కాదో అడిగేవాళ్ళుండరు. పైగా అది తనిఖీకి పోయే పుస్తకం. చివరి గడిలో "పిల్లలకు అర్థం కాలేదు" అని రాయడానికి చెయ్యి రాదు. నాకూ చాలా ఏళ్ళు రాలేదు.

పోర్ట్‌ఫోలియో అలా కాదు, అది సాక్ష్యం అడుగుతుంది. 1980లో కెనడా విశ్వవిద్యాలయ అధ్యాపకుల సంఘం దీనికొక మార్గదర్శిని వేసింది. పరిశోధనకు దక్కే గుర్తింపు పాఠం చెప్పడానికి దక్కడం లేదన్న బాధ దాని వెనక ఉంది. తర్వాత అమెరికాలో పీటర్ సెల్డిన్ ఎనిమిది నుంచి పది పేజీల సొంత రాత, దాని వెనక ఆధారాలు అని ఒక కొలత చెప్పాడు. స్కూలు టీచర్ల పోర్ట్‌ఫోలియోల మీద పనిచేసిన లీ షుల్మన్ ఇంకో మాట గట్టిగా చెప్పాడు: ఏరుకున్న కాగితాలుండాలి, పిల్లల పని ఉండాలి, దాని మీద మన ఆలోచన ఉండాలి, అది ఇంకొకరితో చర్చకు రావాలి. లామినేషన్ జబ్బు గురించి హెచ్చరించింది కూడా ఆయనే. లోపలి సరుకు కన్నా పైమెరుపు ఎక్కువైతే పోర్ట్‌ఫోలియో ప్రదర్శన వస్తువుగా మిగిలిపోతుందని.

ఆ జబ్బు నాకు తెలుసు. ఒక ఏడాది తనిఖీకి అందరూ ఫైళ్ళు తయారు చేయాలన్నారు. కలర్ ప్రింట్లు, ట్రైనింగ్ సర్టిఫికెట్లు, పండుగ రోజు ఫొటోలు పెట్టి, రెండు రాత్రులు కూర్చుని కట్టాం. ఒక్క పిల్లవాడి తప్పు లెక్క కూడా లేదందులో. వచ్చినాయన అట్ట చూసి సంతకం పెట్టారు. ఫైలు బీరువాలోకి వెళ్ళింది. అంత టెన్షన్ పడి కట్టిన ఫైలు వల్ల నా పాఠం ఒక్క అంగుళం మారలేదు.

మూడో దారి తోటి టీచరును క్లాసులో కూర్చోబెట్టుకోవడం. మా సైన్స్ సార్ ఒకసారి వెనక బెంచీలో పది నిమిషాలు కూర్చున్నారు. "మేడం, ప్రశ్న మీరే అడిగి జవాబు మీరే చెప్పేస్తున్నారు" అన్నారు. నాలుగేళ్ళ డైరీల్లో నాకది కనబడలేదు. అయితే ఖాళీ పీరియడ్ ఉంటే సెలవు పెట్టినవాళ్ళ క్లాసుకు పంపుతారు. ఏడాదికి రెండుసార్లు కుదిరితే గొప్ప. ఫోన్లో వీడియో తీసుకోవడం గురించీ అడుగుతుంటారు. పిల్లల ముఖాలు ఫోన్లో ఉండటం నాకిష్టం లేదు. మన గొంతు మాత్రం రికార్డు చేసుకుంటే చాలు.

మా బడికి తిరుపతి నుంచి బీఈడీ పిల్లలు ఇంటర్న్‌షిప్‌కు వస్తుంటారు. 2015 నుంచి కోర్సు రెండేళ్ళయ్యాక వాళ్ళు బడిలో ఉండే రోజులూ పెరిగాయి. వాళ్ళకు నేను డైరీయే చెబుతాను. ఏరుకోవాలంటే ముందు పోగవ్వాలి కదా. నాలుగైదేళ్ళ సర్వీసు దాటినవాళ్ళకు మాత్రం పోర్ట్‌ఫోలియోయే మేలంటాను, తనిఖీ ఫైలుతో దానికి సంబంధం ఉండకూడదన్న షరతుతో. టర్ముకు ఒక్క పాఠం చాలు. చెప్పిన తీరు ఒక పేజీ, బాగా చేసిన కాగితం ఒకటి, తప్పు చేసిన కాగితం ఒకటి (పేర్లు కొట్టేసి), మీ మాట అర పేజీ. వేసవి సెలవుల ముందు దాన్ని మీరు నమ్మే ఒక్క మనిషికి చూపించండి.

నా అర పేజీలో మొదటి ఏడాది ఇలా రాసుకున్నాను: "తప్పని చెప్పాను. ఎందుకు అలా చేశావని అడగలేదు." మరుసటి రోజు ఆ 2/5 రాసిన అబ్బాయినే అడిగాను. "పైనవి పైన, కిందవి కింద కలపాల కదా మేడం" అన్నాడు. వాడి లెక్కలో ఒక నియమం ఉంది. దాన్ని కదిలించకుండా నేను క.సా.గు. పోసుకుంటూ పోయాను.

తర్వాతి ఏడాది అదే పాఠానికి కత్తెర, పాత గుడ్డ పట్టుకెళ్ళాను. ఆ ఊళ్ళో చాలా ఇళ్ళలో మరమగ్గాలే. అర మీటరు ముక్క చేతిలో పట్టుకుని ఒక అమ్మాయి లేచింది. "అర మీటరుకు ఇంకో ముక్క చేరిస్తే పెరగాల గదా మేడం. 2/5 అంటే అర కంటే తక్కువే, ఎట్లా తగ్గుతుంది?"

ఆ అమ్మాయి పేజీ ఫైల్లో రెండో కాగితం. ఆ ఏడాది పరీక్షలో కూడా ఐదుగురు 2/5 అనే రాశారు. ఆ ఐదు కాగితాలూ దాని వెనకే ఉన్నాయి.